లంకల్లో క్యాంపు, తెల్లారే వేణ్ణీళ్ళు: ఏది కొనాలి, ఎంత సరిపోతుంది

కార్తీకం నుంచి శివరాత్రి దాకా మన డెల్టాలో ఆరుబయట గుడారం వేసుకోవడానికి మంచి రోజులు. రాజమండ్రికి ఎగువన ఇసుక తిన్నెలు, ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల మధ్య లంకలు, అంతర్వేది, ఓడలరేవు వైపు సరుగుడు తోపులు ఉన్నాయి. ఎక్కడ దిగినా తెల్లవారేసరికి గుడారం బట్ట మంచుకు తడిసి ఉంటుంది, ఒంటినిండా ఇసుక ఉంటుంది, చన్నీళ్ళు పోసుకోమంటే పెద్దవాళ్ళూ పిల్లలూ వెనక్కి తగ్గుతారు. వేణ్ణీళ్ళ ఏర్పాటు సరిగా ఉంటే ఇంట్లో మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు కూడా ధైర్యంగా బయల్దేరతారు. అందుకే దీన్ని గుడారం, దీపం, తాగునీళ్ళ క్యాను పక్కన చేర్చాల్సిన సామానుగానే చూస్తాను.

ఆన్‌లైన్‌లో పోర్టబుల్ గీజరు అని వెతికితే వచ్చేవాటిలో చాలామటుకు చలి దేశాల కోసం తయారైనవి. అక్కడ నీళ్ళు 8, 10 డిగ్రీల దగ్గర ఉంటాయి. మనకి జనవరి తెల్లవారుజామున కూడా కాలువ నీళ్ళో రాత్రి పట్టి ఉంచిన బోరు నీళ్ళో 22 డిగ్రీలకి అటూఇటూగా ఉంటాయి. ఒంటికి హాయిగా ఉండే స్నానపు నీళ్ళు 42 డిగ్రీలు. అంటే మనం పెంచాల్సింది 20 డిగ్రీలే. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే పెద్ద యంత్రాల మీద డబ్బు పోదు.

ముందు లెక్క వేసుకుందాం, ఆ తర్వాతే కొనడం. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ పెంచడానికి ఒక కిలోకేలరీ వేడి కావాలి. మనిషికి ఒక బకెట్టు, అంటే 20 లీటర్లు, 20 డిగ్రీలు పెంచాలంటే 400 కిలోకేలరీలు. వంటగ్యాసు గ్రాముకి సుమారు 11 కిలోకేలరీలు ఇస్తుంది కాబట్టి ఒక్క చుక్క వేడి కూడా వృథా పోకపోతే 36 గ్రాములు చాలు. కరెంటయితే ఒక యూనిట్టు 860 కిలోకేలరీలు, అంటే స్నానానికి అర యూనిట్టు కన్నా కొంచెం తక్కువ. బాగా ఎండిన కట్టె కిలోకి 3500 నుంచి 4000 దాకా ఇస్తుంది. అసలు తేడా అంతా ఆ వేడిలో ఎంత భాగం నీళ్ళకి చేరుతుందన్న దగ్గరే వస్తుంది. గాలిలో పెట్టిన మూడు రాళ్ళ పొయ్యి పదో వంతు, మహా అయితే ఏడో వంతు చేరుస్తుంది. చిన్న గ్యాసు స్టవ్ మీద మూతపెట్టిన గిన్నె అయితే 45 శాతం దాకా. నీళ్ళు రాగి గొట్టాల్లో పారుతూ వేడెక్కే గ్యాసు గీజరు 80 శాతం. మారేడుమిల్లి వైపు కొండెక్కితే నీళ్ళు ఇంకా చల్లగా ఉంటాయి, అక్కడికి పావు వంతు ఎక్కువ వేసుకోండి.

స్టవ్, మూత ఉన్న తపేలా

నలుగురి లోపు ఉంటే వేరే పరికరం కొనకండి. టీకీ ఉప్మాకీ ఎలాగూ తీసుకెళ్ళే గ్యాసు స్టవ్ మీదే పని అయిపోతుంది. 8 లీటర్లు పట్టే అల్యూమినియం తపేలా ఒకటి, దానికి సరిగ్గా కూర్చునే మూత ఒకటి ఉంటే చాలు. తపేలాలో 6 లీటర్లు పోసి 90 డిగ్రీల దాకా కాచి, బకెట్లో ముందే పోసి ఉంచిన 14 లీటర్ల చన్నీళ్ళలో కలిపితే 42 డిగ్రీలు వస్తుంది. నీళ్ళు తెర్లనక్కర్లేదు, అడుగునుంచి బుడగలు వరసగా లేస్తూ ఆవిరి గట్టిగా వస్తుంటే దించేయవచ్చు. బకెట్లో చన్నీళ్ళే ముందు పోయాలి, వేడివి తర్వాత. పిల్లలున్న చోట ఈ వరస తప్పితే, ఎవరూ చూడనప్పుడు వాళ్ళు మరిగే నీళ్ళలో చెయ్యి పెట్టేస్తారు. 60 డిగ్రీల నీళ్ళు ఐదు సెకన్లలో చర్మాన్ని కాల్చేస్తాయి.

రెండున్నర కిలోవాట్ల స్టవ్ మీద ఈ 6 లీటర్లు కాగడానికి 25 నిమిషాలు పడుతుంది, గ్యాసు 80 గ్రాములు అవుతుంది. 220 గ్రాముల బ్యూటేన్ డబ్బా రెండు స్నానాలకి నిక్కచ్చిగా వస్తుంది, మూడోది సగంలో ఆగుతుంది. నలుగురు స్నానం చేయడానికి గంటన్నర పైనే. ఈ పద్ధతికున్న లోపం ఇదొక్కటే. మూత లేకుండా కాస్తే ఈ అంకెలేవీ నిలవవు, ఆవిరితోపాటే వేడి కూడా పోతుంది.

ఇసుక మీద స్టవ్ నేరుగా పెట్టకండి. నీళ్ళతో నిండిన తపేలా బరువుకి ఒక కాలు దిగబడి గిన్నె ఒరుగుతుంది. రెండడుగుల ప్లైవుడ్ ముక్క కింద వేయండి, బర్నరులోకి ఇసుక ఎగరకుండా కూడా అదే కాపాడుతుంది. గాలికి అడ్డుగా రేకు పెడితే ఒక వైపే పెట్టాలి, జానెడు దూరంలో. చుట్టూ మూసేస్తే వేడి డబ్బా మీదికి తిరుగుతుంది. పక్క అరలో డబ్బా పడుకునే రకం స్టవ్‌ల మీద, ఆ అర మీదికి కూడా వచ్చేంత వెడల్పు గుండిగ పెట్టడం ఇంకా ప్రమాదం. గుండిగ అడుగునుంచి దిగే వేడికి డబ్బాలో ఒత్తిడి పెరిగి పేలుతుంది. డబ్బాని చేత్తో తాకి చూస్తుండండి. మామూలుగా వాడుతున్నప్పుడు అది చల్లబడాలి. వెచ్చగా తగిలితే వెంటనే ఆపేయండి.

కట్టెలతో రాగి బాయిలరు

డెల్టాకి అన్నిటికన్నా సరిపోయేది ఇదేనని నా గట్టి నమ్మకం. పెరట్లో స్నానాల గది పక్కన నిలబెట్టే బాయిలరునే చిన్నది చేస్తే క్యాంపు బాయిలరు. నడి మధ్యలో పొగగొట్టం, దాని చుట్టూ నీళ్ళు, అడుగున చువ్వల జల్లెడ, కింద బూడిద పళ్ళెం. మంట నీళ్ళ మధ్యలోంచి పోతుంది కాబట్టి వేడి గాలికి పోకుండా రాగి గోడలోంచి నీళ్ళలోకి దిగుతుంది. విదేశాల్లో క్యాంపు కెటిల్ అని ఆన్‌లైన్‌లో అమ్మేదాంట్లో ఉన్న కిటుకు కూడా ఇదే, కాకపోతే అందులో లీటరున్నర నీళ్ళే పడతాయి. టీకి బాగుంటుంది, స్నానానికి పనికిరాదు.

15 నుంచి 20 లీటర్లది తీసుకోండి. పైన గరాటు ఉండి, అందులో పోసిన చన్నీళ్ళు లోపలి గొట్టంలోంచి అడుగుకి దిగి, పై కొళాయిలోంచి వేడినీళ్ళు వచ్చే రకమయితే మరీ మంచిది. చెంబెడు పోస్తే చెంబెడు వస్తుంది, బాయిలరు ఎప్పుడూ నిండుగా ఉంటుంది. అడుగున కొళాయి ఉన్నదైతే మొత్తం ఖాళీ అయిపోయే ప్రమాదం ఉంది. నీళ్ళు లేకుండా మంట పెడితే అతుకుల దగ్గరి కళాయి కరిగి కారడం మొదలవుతుంది. బాయిలర్లు పాడయ్యేది పదింట తొమ్మిదిసార్లు ఇలాగే. కాబట్టి వరస ఎప్పుడూ ముందు నీళ్ళు, తర్వాత నిప్పు. ఆర్పేటప్పుడు ముందు నిప్పు తీసేసి, ఆ తర్వాత నీళ్ళు వంచేయడం. గరాటు నోట్లో గుడ్డ కుక్కడం, మూత బిగించడం లాంటివి ఎప్పుడూ చేయకండి. ఆవిరి పోయే దారి అదే.

కారుతున్న పాత బాయిలరు అటక మీద ఉంటే పాతసామానుకి వేయకండి. తణుకు దగ్గర ఇత్తడి పనికి పేరుపడ్డ అజ్జరం లాంటి చోట పనివాళ్ళని అడిగి మాటు వేయించుకోవచ్చు. మాటు వేసిన బాయిలరు నీళ్ళు ఒంటికే, తాగడానికీ వంటకీ వద్దు. అతుకులో సీసం ఉండవచ్చు.

వంట చెరుకు విషయానికొస్తే, కోనసీమలో ఏ తోట గట్టున చూసినా ఎండు కొబ్బరి మట్టలు, డొక్కలు, చిప్పలు ఉంటాయి. తోట వాళ్ళని అడిగి తీసుకోండి. వాటికీ లెక్క ఉంటుంది, చెప్పకుండా ఏరుకోవద్దు. ఈనెలు, ఎండుటాకు అంటించడానికి. చిప్పలు ఆ తర్వాత. చిప్ప మంట వేడి ఎక్కువ, పొగ తక్కువ. డొక్క మాత్రం పూర్తిగా ఎండితేనే వేయాలి, లోపల తడి ఉంటే రాజుకుంటూ కూర్చుంటుంది, పొగగొట్టం నిండా మసి పడుతుంది. సముద్రం వైపయితే సరుగుడు పుల్లలు ఉండనే ఉన్నాయి, పచ్చిగా ఉన్నా కొంత మండుతుందిగానీ ఎండినదే మేలు. బొటనవేలు లావు ముక్కలుగా, జానెడు పొడవుగా విరుచుకోండి. 20 లీటర్లకి అర కిలో చాలు, 20 నిమిషాల్లో దించుకునే వేడి వస్తుంది. అదే నీళ్ళని మూడు రాళ్ళ మీద కాస్తే కిలో దాకా కట్టె పోతుంది, కళ్ళూ మండుతాయి.

సరిగా మండకపోతే మూడు చోట్ల చూడండి. కింద బూడిద నిండి గాలి ఆగిపోయి ఉంటుంది, లేదా కట్టె మరీ ఇరికించి కుక్కి ఉంటారు, లేదా గాలి వీచే వైపుకి పొయ్యి నోరు తిప్పలేదు. తీరంలో మధ్యాహ్నం నుంచి సముద్రం మీది గాలి, తెల్లవారుజామున నేల మీంచి సముద్రం వైపు గాలి. సాయంత్రం ఒక దిక్కుకి సరిగ్గా మండిన బాయిలరు పొద్దున్న పొగ చిమ్ముతుంటే, దాన్ని వెనక్కి తిప్పి పెట్టడమే మందు.

పెద్ద గుంపుకి, వనభోజనాల స్థాయిలో 20 మందికి పైబడితే, ఏ బాయిలరూ చాలదు. అప్పుడు గాడిపొయ్యి తవ్వి దాని మీద 50 లీటర్ల గుండిగ ఎక్కించడమే దారి. అడుగు వెడల్పు, అడుగు లోతు, మూడడుగుల పొడవు. మట్టి నేలలో అయితేనే. ఇసుకలో గాడి అంచులు జారిపోయి గుండిగ ఒరుగుతుంది, అక్కడ ఇటుకలు పేర్చుకోవాలి లేదా ఇనుప ముక్కాలి పీట తీసుకెళ్ళాలి. పాపికొండల జాతీయ పార్కులోనూ, కోరంగి మడ అడవిలోనూ, మారేడుమిల్లి రిజర్వు అడవిలోనూ అటవీ శాఖ అనుమతి లేకుండా నిప్పు పెట్టడం నేరం. అలాంటి చోటికి వెళ్తే కట్టె బాయిలరు ఇంట్లోనే ఉంచేయండి.

నల్ల సంచి

ఎండకి వేడెక్కే 20 లీటర్ల నల్ల ప్లాస్టిక్ సంచిని చాలామంది కొని, తెల్లారి స్నానానికి పనికిరాలేదని మూలన పడేస్తారు. అది సాయంత్రపు స్నానానికి సామాను. సంచి వైశాల్యం పావు చదరపు మీటరు కూడా ఉండదు. మన శీతాకాలపు మంచి ఎండలో నికరంగా నీళ్ళకి చేరేది 100 వాట్ల ప్రాంతం. ఆ లెక్కన 20 లీటర్లు 20 డిగ్రీలు పెరగడానికి నాలుగైదు గంటలు. అట్ట మీద 3 గంటలు అని రాసి ఉంటుంది, నమ్మకండి. సగమే నింపితే రెండున్నర గంటల్లో వేడెక్కుతుంది, ఇద్దరు పిల్లలకి సరిపోతుంది.

పదింటికే పరవండి. ఒకవైపు పారదర్శకంగా ఉంటే అది పైకి, నలుపు కిందికి. ఇసుక మీద నేరుగా కాకుండా కింద ఎండుగడ్డో పాత దుప్పటో వేస్తే అడుగునుంచి వేడి పోదు. మూడున్నరకల్లా తీసి దుప్పట్లో చుట్టేయాలి, ఆ తర్వాత అది చల్లారడమే తప్ప వేడెక్కదు. వేలాడదీయడం ఇంకో సమస్య. నిండు సంచి 20 కిలోలు. మామిడి కొమ్మకయితే సరే. కొబ్బరి తోటలో కొమ్మ ఏది? రెండు చెట్ల మధ్య వెదురు బొంగు కట్టి దానికి తగిలించాలి. చాలా సంచులకి పైన పట్టీ కుట్టిన చోటే తెగుతుంది. అందుకని సంచిని వల సంచిలో పెట్టి ఆ వలనే వేలాడదీయండి. ఆ నీళ్ళు తాగొద్దు.

కారు పైన నల్ల పీవీసీ గొట్టం బిగించుకోవడం కూడా ఈ కోవలోదే. నాలుగంగుళాల గొట్టం పదడుగులది సుమారు 25 లీటర్లు పడుతుంది. కొళాయి వెనక చివర కింది వైపు, గాలి పోయే చిన్న మూత ముందు చివర పై వైపు పెట్టి, నీళ్ళు వాటంతట అవే జారేలా వాడుకోండి. ధార పెరగాలని సైకిలు పంపుతో గాలి కొట్టేవాళ్ళున్నారు. అది వద్దే వద్దు. ఎండకి పెళుసెక్కిన పీవీసీ గాలి ఒత్తిడికి పగిలితే ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి.

కరెంటు

దీని గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. కారు సాకెట్‌లో పెట్టే 12 వోల్టుల కాయిల్ 120 వాట్లది, గ్లాసు నీళ్ళు టీకి కాచడానికి పది, పన్నెండు నిమిషాలు పడుతుంది. స్నానానికయితే నాలుగు గంటలు, ఈలోపు కారు బ్యాటరీ దాదాపు ఖాళీ. బండి కదలదు. పోర్టబుల్ పవర్ స్టేషన్ ఉన్నవాళ్ళు వెయ్యి వాట్-అవర్లది ఉంటే రెండు స్నానాలు అనుకోవచ్చు, అంతే. మామూలు ఇమ్మర్షన్ రాడ్డు 1500 వాట్లది హోంస్టేలో ప్లగ్గు దొరికితే 20 నిమిషాల్లో బకెట్టు కాచేస్తుంది. ప్లాస్టిక్ బకెట్టు అంచుకి తగలకుండా పెట్టడం, స్విచ్చి ఆపి ప్లగ్గు పీకాకే నీళ్ళు ముట్టుకోవడం, కాళ్ళకి చెప్పులు. తడి ఇసుకలో జనరేటరుకి ఎక్స్‌టెన్షన్ వైరు లాగి రాడ్డు వాడటం మాత్రం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

గ్యాసు గీజరు, పంపు, షవరు

ఆరుగురికి మించి, కారులో వెళ్ళేవాళ్ళకి, వరసగా అందరి స్నానాలు అరగంటలో అయిపోవాలంటే ఇదొక్కటే సమాధానం. నిమిషానికి 5 లేదా 6 లీటర్ల రకం చాలు. 20 డిగ్రీల పెంపుతో నిమిషానికి 5 లీటర్లు ఇవ్వడానికి అది నిమిషానికి 11 గ్రాముల గ్యాసు తాగుతుంది. నాలుగు నిమిషాల స్నానం, 45 గ్రాములు. స్టవ్ మీద తపేలాతో పోలిస్తే సగం గ్యాసు. 10, 12 లీటర్ల రకం కొంటే మనకి రెండు ఇబ్బందులు. ఎంత తగ్గించినా నీళ్ళు కాలిపోయేంత వేడిగా వస్తాయి. చిన్న సిలిండరు అంత గ్యాసు అందించలేదు.

కొనేటప్పుడు ఐఎస్ఐ మార్కు, ఎల్పీజీకి ఐఎస్ 15558 అన్న అంకె ఉందో లేదో చూడండి. దిగుమతి సరుకయితే వెనక పట్టీ మీద గ్యాసు ఒత్తిడి చదవండి. మన ఇంటి రెగ్యులేటరు ఇచ్చేది సుమారు 30 మిల్లీబార్లు, అంటే 3 కిలోపాస్కల్‌లకి కొంచెం తక్కువ. పట్టీ మీద 2.8 కిలోపాస్కల్‌లు అని ఉంటే మనకి సరిపోతుంది. హోటల్ పొయ్యిలకి వాడే హై ప్రెషర్ రెగ్యులేటరు దీనికి ఎప్పుడూ తగిలించకూడదు, మంట గీజరులోంచి బయటికి తన్నుతుంది. సిలిండరు విషయంలో కిరాణా కొట్లలో, పెట్రోలు బంకుల్లో గుర్తింపు కార్డు చూపి తీసుకునే 5 కిలోల సిలిండరు మంచిది. రెగ్యులేటరు దానికి కూర్చుంటుందో లేదో కొట్లోనే తొడిగి చూసుకోండి. సందుల్లో పెద్ద సిలిండరు నుంచి చిన్నదాంట్లోకి గ్యాసు నింపిచ్చే చోట తీసుకోకండి. అది చట్టవిరుద్ధం, పైగా ఎంత నింపారో వాళ్ళకే తెలియదు. రైల్లో గ్యాసు సిలిండరు ఎక్కించడం నిషేధం, లాంచీలోకీ వద్దు.

పంపు 12 వోల్టుల డయాఫ్రం రకం, నిమిషానికి 5, 6 లీటర్లు ఇచ్చేది. మన ఊళ్ళలో వరిచేలకి మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్లలో ఉండేది కూడా ఇదే జాతి పంపు కాబట్టి అమలాపురం, తణుకు, భీమవరం లాంటి చోట్ల వ్యవసాయ పనిముట్ల కొట్లలో విడిగా దొరుకుతుంది. స్ప్రేయరు పంపు సాధారణంగా 3 లీటర్ల దగ్గర ఆగిపోతుంది, గీజరు వెలగడానికి అది చాలీచాలకుండా ఉంటుంది, పెద్దది అడగండి. వాడిన స్ప్రేయరుని, దాని గొట్టాన్ని, ట్యాంకుని మాత్రం ఎంత కడిగినా స్నానానికి వాడకండి. పురుగుమందు రబ్బరులోకి ఇంకి ఉంటుంది. పంపు 5 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఆరుగురి స్నానాలకి అరగంట నడిచినా రెండున్నర ఆంపియర్-అవర్లు, కారు బ్యాటరీకి ఏమీ కాదు.

బిగించే వరస ఇది. గీజరుని నిటారుగా వేలాడదీయాలి, కొబ్బరి చెట్టుకయితే చెక్క పలక కట్టి దానికి. పైన మీటరు మేర తాటాకు గానీ టార్పాలిన్ గానీ ఉండకూడదు, పొగ అక్కడినుంచే వెళ్తుంది. నీళ్ళు వచ్చే వైపూ పోయే వైపూ గుర్తు చూసి బిగించండి, తారుమారైతే నీళ్ళు పారతాయి గానీ మంట వెలగదు. గ్యాసు తెరవకుండానే పంపు వేసి, షవరులో ధార బుడగలు లేకుండా వచ్చేదాకా వదలండి. ఆ తర్వాత సురక్ష గొట్టంతో రెగ్యులేటరు తగిలించి, అతుకుల దగ్గర సబ్బు నురగ రాయండి, బుడగ ఉబ్బితే కారుతున్నట్టు. మంట మీట తక్కువలో పెట్టి గ్యాసు తెరవండి. మొదట రెండు, మూడుసార్లు టిక్ టిక్ అని ఆగిపోతుంది, గొట్టంలో గాలి ఉంటుంది కాబట్టి. చేత్తో చూశాకే తల కింద పెట్టాలి. ఆపేటప్పుడు ముందు సిలిండరు కట్టేసి, షవరులో చన్నీళ్ళు వచ్చేదాకా ఉండి, చివర్న పంపు ఆపాలి. పంపు ముందు ఆపితే రాగి గొట్టంలో నిలిచిన నీళ్ళు మరిగిపోతాయి.

మధ్యలో సబ్బు రాసుకోవడానికి షవరు మీట నొక్కి ఆపితే, మళ్ళీ తెరిచినప్పుడు మొదటి రెండు, మూడు సెకన్లు కాలే నీళ్ళు వస్తాయి. ఆ ధారని పక్కకి తిప్పి వదలాలి. పిల్లలకి షవరు వద్దు, బకెట్లో పట్టి పోయండి.

వెలగకపోతే ఈ వరసలో చూడండి: మంట అంటించే రెండు లావు బ్యాటరీ సెల్‌లు, నీళ్ళు లోపలికి వచ్చే చోటి జల్లెడ, పంపు బ్యాటరీ. నిమిషానికి రెండున్నర లీటర్ల కన్నా ధార తగ్గితే గీజరు వెలగదు, అది దాని రక్షణ ఏర్పాటు. కాసేపు వెలిగి ఆగిపోతుంటే సిలిండరుని తాకండి. వరసగా గ్యాసు లాగుతుంటే చిన్న సిలిండరు మంచులా చల్లబడి, చెమట పట్టి, లోపల ఆవిరయ్యే గ్యాసు చాలదు. మామూలు నీళ్ళు పోసిన టబ్బులో సిలిండరు నిలబెడితే తేరుకుంటుంది. వేడినీళ్ళు పోయడం, ఎండలో పెట్టడం, పడుకోబెట్టడం చేయకూడదు. మంట నీలంగా ఉండాలి. పసుపు పచ్చగా ఉంటే గాలి చాలడం లేదు, బర్నరు గొట్టాల్లో ఏదో అడ్డుపడింది.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట. గీజరుని గానీ, స్టవ్‌ని గానీ, బాయిలరుని గానీ గుడారం లోపల, కారులో, చుట్టూ టార్పాలిన్ కట్టిన స్నానపు గదిలో వెలిగించకండి. గాలాడని చోట మంట నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, వికారం, మగత, ఆ తర్వాత స్పృహ ఉండదు. ఇళ్ళలో గ్యాసు గీజరు స్నానాల గదిలో పెట్టి ప్రాణాలు పోగొట్టుకున్న వాళ్ళ సంగతి పేపర్లలో చదువుతూనే ఉంటాం. గీజరు బయట గాలిలో, మనిషి తెర వెనక, మధ్య రెండు మీటర్ల షవరు గొట్టం. వంటగ్యాసు గాలి కన్నా బరువైనది, కారితే గోతిలోకో పడవ అడుగుకో చేరి అక్కడే నిలుస్తుంది. సిలిండరు పెట్టే చోటు పల్లంగా ఉండకూడదు.

నీళ్ళు

పరికరం ఎంత మంచిదైనా నీళ్ళు తేడాగా ఉంటే ఏడాదిలో పాడవుతుంది. ధవళేశ్వరం ఆనకట్టకి ఎగువన, కాలువల్లోనూ నీళ్ళు మంచివే, ఇబ్బందల్లా సన్న ఇసుక, ఒండ్రు. పంపు పీల్చే గొట్టాన్ని నదిలో పడేస్తే అడుగు ఇసుకంతా గీజరు జల్లెడలోకి ఎక్కుతుంది. నీళ్ళు ముందు డ్రమ్ములో పట్టి, పటిక గడ్డతో నాలుగు చుట్లు తిప్పి, రాత్రంతా తేరనివ్వండి. పీల్చే గొట్టం చివర జల్లెడ బిగించి, మూత బిగించిన ఖాళీ నీళ్ళ సీసాకి కట్టండి. సీసా తేలుతుంటే గొట్టం నోరు పైనుంచి జానెడు లోతులో ఆగుతుంది, అడుగు మడ్డి కదలదు.

ఆనకట్ట దిగువన, సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ సంగతి వేరు. పోటు వేళ ఉప్పు నీరు పాయల్లోకి ఎగదన్నుతుంది, తీరప్రాంతపు బోర్లూ చాలా చోట్ల ఉప్పే. సబ్బు నురగ రాకపోతే ఆ నీళ్ళు గీజరులో పోయకండి. ఉప్పు రాగినీ అతుకుల్నీ తింటుంది, అల్యూమినియం తపేలాకి కూడా చుక్కలు చుక్కలుగా గుంటలు పడతాయి. తప్పనిసరై పోస్తే, తిరిగి బయల్దేరే ముందు పది లీటర్ల మంచినీళ్ళు దాంట్లోంచి వదలండి. అంతర్వేది, ఓడలరేవు వైపు వెళ్ళేటప్పుడు మనిషికి 20 లీటర్లు మంచినీళ్ళు ఇంటి దగ్గరే నింపుకోవడం మేలు. సబ్బు నీళ్ళు నదిలోకి పోకుండా ఒడ్డుకి యాభై, అరవై మీటర్ల దూరంలో స్నానాల చోటు పెట్టుకోండి. కిందనున్న లంక వాళ్ళు ఆ నీళ్ళే వాడుకుంటారు.

ఇంటికి వచ్చాక

గీజరు తలకిందులు చేసి గొట్టాల్లోని నీళ్ళన్నీ వంచేయండి, జల్లెడ తీసి కడగండి, సెల్‌లు తీసేయండి. కఠినమైన బోరు నీళ్ళు వాడి ఉంటే 50 గ్రాముల నిమ్మ ఉప్పు లీటరు నీళ్ళలో కలిపి పంపుతో అరగంట తిప్పి, తర్వాత మంచినీళ్ళతో కడిగితే లోపలి సున్నం పొర వదులుతుంది. రాగి బాయిలరుకి పైన చింతపండు, లోపల పొగగొట్టానికి ఎండు కొబ్బరి పీచు కట్టిన కర్ర. పూర్తిగా ఆరాకే గీజరుని గోనెసంచిలో మూట కట్టి, గ్యాసు వెళ్ళే నోటికి గుడ్డ బిగించండి. కందిరీగలు బర్నరు గొట్టాల్లో మట్టిగూళ్ళు పెడతాయి, మరుసటి కార్తీకంలో పసుపు మంట వస్తే ముందు చూడాల్సింది అక్కడే. సన్న తీగతో ఒక్కొక్క గొట్టం గుచ్చి, గాలి ఊది, ఇంటి పెరట్లోనే ఒకసారి వెలిగించి నీలం మంట చూశాకే కారులో ఎక్కించండి.